రీషి కొనాలా, కార్డిసెప్స్ కొనాలా, కూరకు పుట్టగొడుగులు కొనాలా?

జూలై వానలు పడ్డాక బెంగళూరులోని మా మారతహళ్ళి అపార్టుమెంట్లో రెండు విషయాలు ఖాయం. లిఫ్టు ఆగిపోతుంది, ఎవరో ఒకరింట్లో జ్వరం మొదలవుతుంది. కిందటేడు రెండూ ఒకే వారంలో జరిగాయి. మూడో అంతస్తు కడప వదినగారు మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరకముందే నా వంటింటి బల్ల మీద నాలుగు పెట్టెలు పేర్చారు. రీషి గుళికలు, కార్డిసెప్స్ పొడి, టర్కీ టెయిల్ గుళికలు, చాగా టీ, అన్నీ పుట్టగొడుగులతో చేసినవే. ఎవరో తెలిసినవాళ్ళు అంటగట్టారట, వారంలోపు తిరిగి ఇస్తే డబ్బు వెనక్కి ఇస్తామన్నారట.

"మీరు ల్యాబులో పనిచేస్తారు కదా వదినా, వైరస్‌ను చంపేది వీటిలో ఏదో చెప్పండి. అది ఉంచుకుని మిగతా మూడూ ఇచ్చేస్తాను" అన్నారు.

నేను పీణ్యలో ఆహార పదార్థాలను పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను. పొడిలో ఏముందో చెప్పగలను గానీ ఒంట్లో ఏముందో చెప్పలేను. ఆ మాట ముందే చెప్పి, "ఇవి ఎవరికోసం?" అని అడిగాను. ఒక్కరికోసం కాదు. ఏడేళ్ళ బాబుకు నెలకోసారి జలుబు. మామగారికి గుండె కవాటం మార్చారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారు. కె.ఆర్.పురంలో ఉండే తమ్ముడికి రక్తదానం చేయబోతే హెపటైటిస్ బి ఉందని బయటపడింది, మాత్రలు మొదలుపెట్టారు. ఈ ముగ్గురికీ ఒకే పెట్టె సరిపోతుందని అమ్మినవారు చెప్పారు. మనిషి మారితే జవాబు మారుతుందని చెప్పడానికి నాకు ఆ సాయంత్రమంతా పట్టింది. ఇక్కడ రాస్తున్నది ఆ రోజు చెప్పిందే, కొంచెం సరిచేసి.

దొంగను పట్టేవి, కాపలావాడిని లేపేవి

పుట్టగొడుగుల్లో వైరస్‌కు విరుగుడు అని పేరు తెచ్చుకున్న పదార్థాలు రెండు రకాలు. మొదటి రకం చిన్న అణువులు: రీషిలోని ట్రైటర్పీన్లు, కార్డిసెప్స్‌లోని కార్డిసెపిన్ వంటివి. వైరస్ కణంలోకి చేరి తన నకళ్ళు తీసుకుంటున్నప్పుడు, ఆ పనికి కావలసిన ఏదో ఒక ఎంజైమును ఇవి పట్టి ఆపుతాయి. రెండో రకం బీటా గ్లూకాన్లు, అంటే చక్కెర అణువులు వేల కొద్దీ గుచ్చిన పొడవాటి గొలుసులు. ఇవి వైరస్ జోలికి పోవు. మన రక్షక కణాల మీద వీటిని గుర్తుపట్టే డెక్టిన్-1 అనే గ్రాహకం ఒకటి ఉందని 2001లో తేలింది. గొలుసు దానికి తగిలితే కణం ఉలిక్కిపడి అప్రమత్తమవుతుంది. మొదటిది దొంగను పట్టుకునే పని. రెండోది వీధి కాపలావాడికి టీ ఇచ్చి మెలకువగా ఉంచే పని.

పెట్టెల మీద ఈ రెండు పనులనూ కలిపి ఒకే వాక్యంలో రాస్తారు. మీరు విడదీసి చదువుకోవాలి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: దొంగను పడతామనే గుళికల్లో ఏదీ నోటి ద్వారా తీసుకున్నప్పుడు ఆ పని చేయగలదని నేను నమ్మను. కాపలావాడిని లేపే వాటికి కొంత ఆధారం ఉంది. అందులోనూ పిల్లల జలుబుల మీద నన్ను ఆకట్టుకున్న ఆధారం ఈ నాలుగు పెట్టెల్లో లేని, కూరగాయల కొట్లో దొరికే పుట్టగొడుగుది.

రీషి

రీషి అంటే గానోడెర్మా. కోనసీమలో ఈ పేరు ఎత్తితే కొబ్బరి రైతు ముఖం మాడిపోతుంది. చెట్టు మొదట్లో బంక కారి, మట్టలు వాలి, చివరికి మోడుగా మిగిల్చే గానోడెర్మా తెగులు ఈ కుటుంబానిదే. బెంగళూరు రోడ్ల పక్క పాత చెట్ల మొదళ్ళకు వానాకాలంలో వార్నిషు పూసిన చెక్క పలకల్లా అతుక్కుని కనిపించేవాటిలో కూడా ఈ కుటుంబానివి ఉంటాయి. (వాటిని గీకి ఇంటికి తెచ్చుకోకండి. ఒకాయన తెచ్చుకుని నా దగ్గరకు పరీక్షకు పంపారు, అందుకే చెబుతున్నాను.) చైనాలో లింగ్‌జీ, జపాన్‌లో రీషి అంటూ శతాబ్దాలుగా కషాయం కాచుకుంటున్నది ఈ కుటుంబంలోని పెద్దమనిషి.

దీని మీద పని బాగానే జరిగింది. 1998లో జపాన్ పరిశోధకులు రీషిలోంచి గానోడెరియోల్ ఎఫ్, గానోడెర్మానాన్‌ట్రయోల్ అనే పదార్థాలను విడదీసి, హెచ్ఐవీ సోకిన కణాల మీద వేసి చూశారు. మిల్లీలీటరుకు 7.8 మైక్రోగ్రాముల దగ్గర అవి వైరస్‌ను అడ్డుకున్నాయి. అదే కుటుంబంలోని గానోడెరిక్ ఆమ్లం బి, వైరస్‌కు అవసరమైన ప్రోటియేజ్ అనే ఎంజైమును కొంత నిలిపింది. "హెచ్ఐవీని కూడా ఆపుతుందని శాస్త్రం తేల్చింది" అని ప్రకటనల్లో కనిపించే మాటకు పుట్టుక ఇక్కడ.

ప్రయోగం అబద్ధం కాదు. కానీ అది గాజు పళ్ళెంలో జరిగింది. మనిషి కడుపులో పడ్డాక ఏమవుతుందో వేరేవాళ్ళు కొలిచారు. రీషి నీటి సారం తాగిన ఆరోగ్యవంతుల రక్తంలో గానోడెరిక్ ఆమ్లం ఎ, మిల్లీలీటరుకు దాదాపు పది పదిహేను నానోగ్రాముల దగ్గర ఆగిపోయి, తొందరగా దిగిపోయింది. 7.8 మైక్రోగ్రాములంటే 7,800 నానోగ్రాములు. రెండు చోట్లా కొలిచింది సరిగ్గా ఒకే అణువును కాదు, అయినా అన్నదమ్ముల పిల్లలే కాబట్టి అంచనాకు పనికివస్తుంది. పళ్ళెంలో పనిచేసిన మోతాదుకు, ఒంట్లో చేరిన మోతాదుకు మధ్య ఐదారు వందల రెట్ల దూరం. రోజుకు రెండు గుళికలని పెట్టె మీద రాసి ఉంది. ఆ లెక్కన వెయ్యికి పైగా మింగాలి. వదినగారు నవ్వారు గానీ, తమ్ముడు అప్పటికే రోజుకు నాలుగు వేసుకుంటున్నారని తర్వాత చెప్పారు.

ఏ "వైరస్‌ను అడ్డుకుంది" అనే వార్త చదివినా ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: ఎంత మోతాదులో, ఎక్కడ? కణాల మీదా, ఎలుకలోనా, మనిషిలోనా? ల్యాబులో మేము మరో లెక్క కూడా చూస్తాం. వైరస్‌ను సగానికి తగ్గించే మోతాదు ఎంత, మామూలు కణాలను సగం చంపే మోతాదు ఎంత అని. రెండింటి మధ్య దూరం ఎక్కువగా ఉంటేనే మందు అయ్యే యోగం. ఉప్పునీళ్ళు ఎక్కువ పోసినా పళ్ళెంలో వైరస్ తగ్గుతుంది, కణాలూ చచ్చాయి కాబట్టి.

రీషికి ఇంకో ముఖం ఉంది. రక్తంలో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోవడాన్ని ఇది తగ్గించగలదు. అందుకే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి వాడేవారు దీనికి దూరంగా ఉండాలని వైద్యులు చెబుతారు. మామగారి పేరు అక్కడితో జాబితాలోంచి కొట్టేశాం. రీషి పొడి వాడాక కాలేయం దెబ్బతిన్నవారి వివరాలను హాంకాంగ్, థాయ్‌లాండ్ వైద్యులు ప్రచురించారు, వారిలో ప్రాణం పోయినవారూ ఉన్నారు. అరుదైన సంగతే. కానీ హెపటైటిస్ బి ఉన్న మనిషి కాలేయంతో అలాంటి జూదం ఆడకూడదు.

కార్డిసెప్స్

నలుగురిలో నాకు ఇష్టమైనది ఇదే. కొనడానికి కాదు, కథ చెప్పుకోవడానికి.

ఈ పేరు మీద రెండు సరుకులు తిరుగుతున్నాయి. ఒకటి హిమాలయాల్లో గొంగళిపురుగు లోపల పెరిగి, దాన్ని చంపి, మంచు కరిగే కాలానికి దాని తలలోంచి నల్లటి పుల్లలా నేల పైకి వచ్చేది. ఉత్తరాఖండ్‌లోని పిథోరాగఢ్ వైపు కీడా జడీ అంటారు, నేపాల్ వాళ్ళు యార్సాగుంబా అంటారు. కిలో లక్షల్లో పలుకుతుంది. రెండోది కార్డిసెప్స్ మిలిటారిస్. ఉడికించిన బ్రౌన్ రైస్ మీద, గాజు సీసాల్లో, ఏసీ గదిలో దీపాల కింద నారింజ రంగు వేళ్ళలా పెరుగుతుంది. బెంగళూరులో ఒక పడకగది ఖాళీ చేసి దీన్ని పెంచుతున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్నారు. నా దగ్గరకు నమూనా తెచ్చినవారిలో ఇద్దరు గుంటూరువాళ్ళు. మిర్చి పంట కన్నా దీనికి తలనొప్పి ఎక్కువ అన్నారు.

వైరస్‌ల గురించి చెప్పేదంతా కార్డిసెపిన్ గురించి. అది మిలిటారిస్‌లోనే దండిగా ఉంటుంది. లక్షలు పోసి కొన్న కీడా జడీలో దాదాపు ఉండదు. పైగా అడవిలో దొరికిన ఆ సరుకులో ఆర్సెనిక్ హద్దు మీరుతోందని చైనా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థే 2016లో హెచ్చరించింది. కాబట్టి ఈ రెండింటి మధ్య ఎంపిక తేలిక. కొనితీరాలంటే సీసాలో పెరిగినది కొనండి.

కార్డిసెపిన్‌ను 1950లో విడదీశారు. మన కణాల్లో ఉండే అడినోసిన్‌కు ఇది అచ్చం కవల, ఒక్క ఆక్సిజన్ పరమాణువు లోపించిన కవల. పూలదండ కట్టేటప్పుడు కాడ లేని పువ్వు ఒకటి చేతికి వస్తే ఏమవుతుంది? దారానికి ముడి పడదు, దండ అక్కడితో ఆగిపోతుంది. వైరస్ తన ఆర్ఎన్ఏ గొలుసు అల్లుకునేటప్పుడు కార్డిసెపిన్ దొరికితే జరిగేది అదే. హెచ్ఐవీకి 1987లో అనుమతి పొందిన మొదటి మందు జిడోవుడిన్ ఇదే ఎత్తు వేస్తుంది. అంటే ఆలోచన గట్టిదే.

అయితే రెండు అడ్డంకులు. మన సొంత కణాలూ ఆర్ఎన్ఏ అల్లుకుంటాయి, కాడ లేని పువ్వు వాటి దండలనూ ఆపుతుంది. రెండోది, మన రక్తంలో, కణజాలంలో అడినోసిన్ డీఅమినేజ్ అనే ఎంజైము ఉంది. అది కార్డిసెపిన్‌ను నిమిషాల్లో పనికిరాని పదార్థంగా మార్చేస్తుంది. ఈ సంగతి పుట్టగొడుక్కు మనకంటే ముందే తెలుసు! కార్డిసెప్స్ మిలిటారిస్ కార్డిసెపిన్‌తో పాటు పెంటోస్టాటిన్ అనే మరో పదార్థాన్నీ తయారుచేసుకుంటుందని, అది ఆ ఎంజైమును ఆపి కార్డిసెపిన్‌ను కాపాడుతుందని 2017లో చైనా శాస్త్రవేత్తలు కనిపెట్టారు. రాజుగారికి అంగరక్షకుడన్నమాట. ఆ పెంటోస్టాటిన్ అప్పటికే ఒక రకం రక్త క్యాన్సరుకు మందుగా వాడుకలో ఉంది. బ్రిటన్‌లో ఒక సంస్థ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంతో కలిసి, ఎంజైముకు చిక్కకుండా కార్డిసెపిన్ ఆకారాన్ని మార్చి ఎన్‌యూసీ-7738 పేరుతో రోగుల మీద పరీక్షిస్తోంది. ఆ పరీక్షలు కూడా క్యాన్సరు మీద, వైరస్ మీద కాదు. ఇంత చదువుకున్నవాళ్ళు ఆకారం మార్చితే తప్ప పనిచేయదనుకున్న దాన్ని, చెంచాడు పొడిగా పాలలో కలిపి తాగితే పనిచేస్తుందని ఎలా అనుకోవాలి?

"రోగనిరోధక శక్తిని పెంచుతుంది" అన్న మాట మీద ఇక్కడొక పక్కమాట. అవయవ మార్పిడి చేయించుకున్నవారికి రోగనిరోధక శక్తిని అణచడానికి ఇచ్చే సైక్లోస్పోరిన్ కూడా శిలీంధ్రం నుంచే వచ్చింది. నార్వే మట్టిలో దొరికిన ఆ శిలీంధ్రం, పురుగు మీద పెరిగే ఒక కార్డిసెప్స్‌కు మరో జీవిత దశ అని 1996లో తేలింది. ఒకే ఇంటి పేరులో పెంచేవాళ్ళూ అణచేవాళ్ళూ ఉన్నప్పుడు, "ఇమ్యూనిటీ" అని పెట్టె మీద పెద్దక్షరాలతో రాసినంత మాత్రాన ఎటు తిప్పుతుందో ఎలా తెలుస్తుంది? కిడ్నీ మార్పిడి అయినవారు, కీళ్ళవాతం వంటి వాటికి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు ఈ నాలుగు పెట్టెల్లో ఏదీ డాక్టరుగారిని అడగకుండా తెరవకూడదు.

షిటాకే, టర్కీ టెయిల్, ముత్యపు చిప్ప

ఇక కాపలావాడిని లేపేవి. వీటికి పెద్దదిక్కు షిటాకే అనే పుట్టగొడుగు. దాని బీటా గ్లూకాన్ లెంటినాన్‌ను జపాన్‌లో గోరో చిహారా బృందం 1969 ప్రాంతంలో విడదీసింది. 1985లో జపాన్ ప్రభుత్వం కడుపు క్యాన్సరుకు ఇతర మందులతో పాటు ఇచ్చేందుకు అనుమతించింది. ఇంజెక్షన్‌గా. గుళికల సీసా మీద "జపాన్‌లో ఆమోదించిన లెంటినాన్" అని కనిపిస్తే, ఆమోదించింది సూది మందుని అని గుర్తు చేసుకోండి. టర్కీ టెయిల్ సంగతి కొంచెం నయం. దాని నుంచి తీసిన పీఎస్‌కేకు జపాన్ 1977లో అనుమతిచ్చింది, అది నోటి ద్వారానే ఇచ్చేవారు. కానీ అదీ క్యాన్సరు శస్త్రచికిత్స, కీమో అయ్యాక తోడుగా, రోజుకు 3 గ్రాముల చొప్పున, శుద్ధిచేసిన సారం. వదినగారు తెచ్చిన గుళికలో అర గ్రాము మామూలు పొడి ఉంది.

వైరస్ మీద మనుషుల్లో జరిగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి, వాటిలో రెండు చెప్పుకోదగ్గవి.

మొదటిది ఏహెచ్‌సీసీ అనే పదార్థంతో. షిటాకే మైసీలియాన్ని, అంటే గొడుగు రాకముందు నూలు పోగుల్లా పాకే భాగాన్ని, ద్రవంలో పెంచి జపాన్‌లో తయారుచేస్తారు. గర్భాశయ ముఖద్వారంలో హెచ్‌పీవీ వైరస్ తిష్ఠవేసిన స్త్రీలకు అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయ బృందం ఆరు నెలలు రోజుకు 3 గ్రాములు ఇచ్చింది. ఫలితాలు 2022లో వచ్చాయి. మందు తీసుకున్న 22 మందిలో 14 మందికి వైరస్ పోయింది, ఉత్తుత్తి గుళిక తీసుకున్న 19 మందిలో ఇద్దరికే పోయింది. మంచి ఫలితమే. కాకపోతే నలభై మంది మీద ఒక పరీక్ష. హెచ్‌పీవీ చాలామందిలో రెండేళ్ళలోపు దానంతట అదే పోయే వైరస్ కూడా. మొండిగా ఉండిపోయినవారు స్త్రీల వైద్యురాలితో మాట్లాడి, ముఖద్వార క్యాన్సరును ముందే పట్టే పాప్ పరీక్షలు ఆపకుండా, తోడుగా ప్రయత్నించాలనుకుంటే నేను వద్దనను. అయితే "షిటాకే గుళిక" కొనడం ఏహెచ్‌సీసీ కొనడం కాదు.

రెండోది మన బాబుకు పనికొచ్చేది. ముత్యపు చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగుల నుంచి తీసే బీటా గ్లూకాన్ పేరు ప్లూరాన్. మాటిమాటికీ శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్లు వచ్చే 175 మంది పిల్లల మీద స్లొవేకియా వైద్యులు పరీక్షించి 2013లో ప్రచురించారు. సగం మందికి విటమిన్ సి తో ప్లూరాన్, మిగతా సగానికి ఒట్టి విటమిన్ సి. ప్లూరాన్ తీసుకున్న పిల్లల్లో నూటికి 36 మందికి మందు వాడినంత కాలం ఒక్క ఇన్‌ఫెక్షనూ రాలేదు, రెండో గుంపులో ఆ సంఖ్య 21. నూటికి పదిహేను మంది తేడా. కొండంత లాభం కాదు, కొట్టిపారేసేదీ కాదు.

కూర వండుకుని తింటే అదే ఫలితం వస్తుందని ఎవరూ నిరూపించలేదు, అది శుద్ధిచేసిన సారం. అయినా బాబుకు ఏం పెట్టమంటారని అడిగితే నేను కూరే అన్నాను. తాజా పుట్టగొడుగుల పొట్లం వంద రూపాయల లోపు వస్తుంది, అందులో బీటా గ్లూకాన్ ఉందని నాకు తెలుసు, మాంసకృత్తులు ఉన్నాయి, పిల్లవాడు తినకపోతే మనం తినవచ్చు. ఏడేళ్ళ పిల్లవాడికి ఎంత మోతాదో పెట్టె మీద కూడా రాయని రీషి గుళిక కన్నా ఇది మేలు కాదా? అసలు మన భాషలోనే దీనికి పుట్ట మీది గొడుగు అని పేరు. మా అనంతపురం వైపు ఉరుములకు చెదపుట్టల మీద లేచినవాటిని ఏరుకొచ్చి, కుక్కగొడుగులు తీసిపారేసి, కారంలో వేయించేవారు. ఏరడం తెలిసిన ఆ ముసలివాళ్ళు ఇప్పుడు లేరు, కాబట్టి ఏరడం మానేసి కొనుక్కోండి. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ పుట్టగొడుగుల విత్తనం అమ్ముతుంది, పెంచడం నేర్పుతుంది. ఓపిక ఉంటే బాల్కనీ మూలలో గడ్డి సంచిలో మీరే పెంచుకోవచ్చు.

ఏ పుట్టగొడుగైనా బాగా ఉడకాలి. షిటాకే పచ్చిగానో సగం ఉడికిందో తింటే కొందరికి రెండు మూడు రోజుల్లో వీపు మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలు తేలతాయి. జపాన్ వైద్యులు 1977లోనే దీన్ని వర్ణించారు. కోరమంగళలో సలాడు తిన్న నా సహోద్యోగిని, తన భర్త మీద అనుమానం వచ్చేలా ఆ చారలతో ఆఫీసుకు వచ్చింది, పాపం.

శిలీంధ్రాల వైరస్ విద్యలో నాకు నచ్చిన కథ హెలెనిన్‌ది. 1950లలో రిచర్డ్ షోప్ అనే అమెరికా శాస్త్రవేత్త పెనిసిలియం బూజు నుంచి తీసిన సారం ఎలుకలను వైరస్‌ల నుంచి కాపాడుతోందని గమనించి, దానికి తన భార్య హెలెన్ పేరు పెట్టాడు. పదిహేనేళ్ళు గడిచాక తేలింది ఏమిటంటే, కాపాడింది బూజు కాదు. ఆ బూజుకు పట్టిన మరో వైరస్ తాలూకు రెండు పేటల ఆర్ఎన్ఏ. దాన్ని చూసి ఎలుక శరీరం వైరస్‌లను ఎదిరించే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీను తయారుచేసుకుంది. సారం అనే మాట వినగానే లోపల నిజంగా పనిచేస్తున్నది ఏమిటో తెలియదు సుమా అని నాకు ఈ కథ గుర్తొస్తుంది.

చాగా సంగతి రెండు ముక్కల్లో. సైబీరియా వంటి చలిదేశాల్లో బిర్చి చెట్ల మీద బొగ్గుముద్దలా పెరిగేది. వైరస్‌ల మీద ఉన్నదంతా పళ్ళెంలో పనే. ఆక్సలేట్లు విపరీతంగా ఉంటాయి. రోజూ తాగి మూత్రపిండాలు పాడుచేసుకున్నవారి ఉదంతాలు జపాన్ నుంచి వచ్చాయి. నీళ్ళు తక్కువ తాగి కిడ్నీలో రాళ్ళు తెచ్చుకునే మన రాయలసీమ వాళ్ళకు అది వద్దే వద్దు. నాలుగో పెట్టె అలా పక్కకు పోయింది.

ఇవన్నీ విన్నాక కూడా కొనేవారికి

కొంటారు. నాకు తెలుసు. అయితే పెట్టెను తిప్పి వెనకవైపు చదవండి.

"పాలిశాకరైడ్లు 40 శాతం" అని ఉంటే మురిసిపోకండి. చక్కెర గొలుసులన్నిటికీ అదే పేరు, పిండిపదార్థం కూడా పాలిశాకరైడే. ఆ లెక్కన మా ఇంట్లో డబ్బాలో ఉన్న ఇడ్లీ రవ్వలో ఎనభై దాకా ఉంటుంది. చూడవలసింది "బీటా గ్లూకాన్" అన్న మాట, దాని పక్కన అంకె. ఆ అంకె ఇవ్వనివాళ్ళు సాధారణంగా ఇవ్వలేక ఇవ్వరు. తర్వాత, పొడి చేసింది గొడుగునా, ధాన్యం మీద పెంచిన మైసీలియాన్నా? రెండోదైతే బియ్యమో జొన్నో కూడా కలిపి రుబ్బేస్తారు, విడదీయడం కుదరదు కాబట్టి. నీటిలో మరిగించి తీసిన సారంలో బీటా గ్లూకాన్లు వస్తాయి, ట్రైటర్పీన్లకు ఆల్కహాలు కావాలి. రెండూ కావాలంటే రెండు పద్ధతుల్లో తీసినదని రాసి ఉండాలి.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటి. గుళిక విప్పి పొడిని అర గ్లాసు నీటిలో కాసేపు మరిగించి, పూర్తిగా చల్లార్చి, గాయాలకు రాసుకునే బీటాడిన్ రెండు చుక్కలు వేయండి. నల్లని నీలం తిరిగితే లోపల పిండి ఉంది. చల్లార్చడం మరిచిపోతే రంగు కనిపించదు, పొరపాటున మంచి మార్కులు వేస్తారు. వదినగారి కార్డిసెప్స్ పొడి సిరాబుడ్డిలా మారింది. ఏ సంస్థదో చెప్పను. పెట్టె మీద హిమాలయాల బొమ్మ ఉంది, లోపల ఉన్నది బియ్యం. రీషికి ఇంకా తేలిక పరీక్ష నాలుక. ట్రైటర్పీన్లు కటిక చేదు. చిటికెడు నోట్లో వేసుకుంటే వేపాకు గుర్తుకు రావాలి. రాకపోతే మీరు కొన్నది రీషి కాకపోవచ్చు. ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు: అమెరికాలో కొన్న 19 రీషి ఉత్పత్తులను పరీక్షిస్తే పెట్టె మీది మాటకు సరిపోయినవి ఐదే అని 2017లో ప్రచురించారు.

ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే పద్నాలుగు అంకెల లైసెన్సు సంఖ్య ఉండాలి. పోషక ఉత్పత్తిగా అమ్మేదైతే "వైద్య అవసరాలకు కాదు" అన్న హెచ్చరిక కూడా చట్టప్రకారం ఉండాలి. అమ్మేవాళ్ళు నోటితో డెంగీ, హెపటైటిస్ అని చెబుతూ చేతికి ఇచ్చే పెట్టె మీద ఆ హెచ్చరిక చిన్నక్షరాల్లో ఉంటుంది. ఆ చిన్నక్షరాలే నిజం చెబుతాయి.

డెంగీ మాట వచ్చింది కాబట్టి. 2024లో కర్ణాటక ప్రభుత్వం దాన్ని అంటువ్యాధిగా ప్రకటించాక ఈ నగరంలో ప్రతి వానాకాలం రీషి అమ్మకందార్లకు పండుగే. డెంగీలో అసలే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. మిగిలినవాటి అతుక్కునే గుణాన్ని తగ్గించగల పదార్థాన్ని అప్పుడు మింగడం ఎంత తెలివితక్కువ పని! జ్వరం వస్తే పారాసిటమాల్, నీళ్ళు, రక్త పరీక్ష, డాక్టరు. పుట్టగొడుగు పేరెత్తవద్దు.

తమ్ముడి విషయంలో మాత్రం నేను కొంచెం గట్టిగా మాట్లాడాను. ఆయన హెపటైటిస్ బి కి వాడుతున్న టెనోఫోవిర్ మాత్రలు ఆపేసి రీషికి మారదామనుకుంటున్నారట. కాలేయ కణాల మీద గానోడెరిక్ ఆమ్లం హెపటైటిస్ బి వైరస్‌ను తగ్గించిందని 2006లో చైనా పరిశోధన ఒకటి వచ్చిన మాట నిజమే. అదీ పళ్ళెమే. టెనోఫోవిర్‌ను, అదే జబ్బుకు ఇచ్చే ఎంటెకవిర్‌ను ఏళ్ళ తరబడి వేలమంది మీద చూశారు. ఒక్కసారిగా ఆపితే అణిగి ఉన్న వైరస్ తిరగబడి కాలేయాన్ని కూల్చేయగలదు. "వదినా, ఇప్పుడే ఫోను చేయండి" అన్నాను. అక్కడే కూర్చుని చేశారు. ఆయన కోపంగా ఏదో అన్నట్టు వినిపించింది. మాత్రలు ఆపలేదని మరుసటి వారం తెలిసింది, గుళికలు ఆపారో లేదో ఆమె చెప్పలేదు.

మామగారికి ఏదీ లేదు, రక్తం ఎంత తొందరగా గడ్డకడుతోందో చూసే నెలనెలా ఐఎన్ఆర్ పరీక్ష తప్ప. బాబుకు వారానికి రెండుసార్లు ముత్యపు చిప్ప వేపుడు, మిరియాలు ఎక్కువ వేసి. ఒక ప్రయత్నంలో ముక్కలన్నీ పళ్ళెం అంచున పేర్చి పెట్టాడట. రెండోసారి సన్నగా తరిగి ఉప్మాలో కలిపేసరికి తెలియక తినేశాడు.

టర్కీ టెయిల్, చాగా వెనక్కి వెళ్ళాయి. మూత తీసినందుకు కార్డిసెప్స్ వాళ్ళు డబ్బు ఇవ్వలేదు. రీషి పెట్టె ఆమె నాకే వదిలేసి వెళ్ళారు. నా వంటింటి అలమరలో పసుపు డబ్బా పక్కన ఉంది. అసలు సరుకు చేదు ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే చిటికెడు నాలుక మీద వేసి చూపిస్తున్నాను. అది మాత్రం నిజమైన రీషియే.